ఊరు పోయినా గంట మోగింది

పాలస్తీనా క్రైస్తవుల ప్రార్థనల చరిత్రను ఇక్రిత్ నుంచి చెప్పుకు రావాలి. అది లెబనాన్ సరిహద్దుకు దగ్గర్లో, గలిలయ కొండల మీది గ్రీకు కాథలిక్ గ్రామం. 1948 నవంబరులో ఇజ్రాయెల్ సైన్యం ఊరు ఖాళీ చేయించింది, రెండు వారాల్లో తిరిగి రావచ్చంది. రానివ్వలేదు. 1951లో సుప్రీంకోర్టు ఊరివాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ వేళకే సైన్యం ఇళ్లన్నీ పేల్చేసింది. చర్చి, శ్మశానం మిగిలాయి. నేటికీ ఆ కుటుంబాలు అక్కడికే వచ్చి పూజ చేసుకుంటాయి. బతికున్నవాళ్లకు దొరకని అనుమతి చనిపోయినవాళ్లకు 1970ల నుంచి దొరికింది, పాతిపెట్టడానికి! ఆ చర్చిలో గంట మోగిందంటే, ఈ నేల మాదని ఇంకోసారి చెప్పినట్టే.

1967లో వెస్ట్ బ్యాంక్ ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్లింది. 1987 డిసెంబరులో మొదటి ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు, రాజుకుంది. ఆ నెలలోనే మిషెల్ సబ్బా యెరూషలేము లాటిన్ పాట్రియార్కుగా, అంటే అక్కడి రోమన్ కాథలిక్కుల అధిపతిగా, నియమితులయ్యారు. ఆ పీఠానికి వచ్చిన తొలి పాలస్తీనా అరబ్బు ఆయనే. పదకొండేళ్ల వయసులో బేసాన్ ఊరి నుంచి కుటుంబంతో పాటు వెళ్లగొట్టబడ్డ నయీమ్ అతీక్ ఆంగ్లికన్ గురువయ్యాక, వాగ్దాన భూమి కథను పాలస్తీనీయుల వైపు నుంచి చదివితే ఎలా ఉంటుందని అడిగారు. బైబిలు పట్టుకున్న ఎవరికైనా ఇబ్బంది కలిగించే ప్రశ్న అది. 2009 డిసెంబరులో పాలస్తీనా క్రైస్తవులు వెలువరించిన కైరోస్ పాలస్తీనా ప్రకటన ఇంకో అడుగు ముందుకేసి ఆక్రమణను పాపమని తేల్చింది.

బేత్ జాలా ఊరి పక్కనున్న క్రెమిసాన్ లోయలో వేర్పాటు గోడ కడతామని ఇజ్రాయెల్ అంది. 2011 నుంచి శుక్రవారం శుక్రవారం గురువులు అక్కడి ఒలీవ చెట్ల కిందే దివ్యబలిపూజ చేశారు. 2015లో గోడ కోసం ఆ చెట్లు పెకలించేశారు. మన తెలుగు జిల్లాల నుంచి సర్కారు సాయంతో యెరూషలేము యాత్రకు వెళ్లేవాళ్లు బేత్లెహేముకూ వెళ్తారు. ఈ లోయ అక్కడికి కూతవేటు దూరమే, ఎవరూ చూపించరు.

2014 మేలో పోప్ ఫ్రాన్సిస్ బేత్లెహేములో దారి మధ్యలో దిగి వేర్పాటు గోడకు నుదురు ఆనించారు. ఆ ఫొటో లోకమంతా చూసింది. జూన్‌లో వాటికన్ తోటలో ఇజ్రాయెల్ అధ్యక్షుడు పెరెస్, పాలస్తీనా అధ్యక్షుడు అబ్బాస్ కలిసి ప్రార్థించారు. నెలకే గాజా మీద యుద్ధం. నా మటుకు నాకు ఆ తోటలో జరిగినదాని కన్నా క్రెమిసాన్ శుక్రవారాలే బరువైనవి. పోగొట్టుకునేవాళ్లు చేసిన ప్రార్థనలవి.

గాజాలో మళ్లీ యుద్ధం నడుస్తుండగా, 2023 క్రిస్మస్‌కు బేత్లెహేము లూథరన్ చర్చిలో బాలయేసును శిథిలాల కుప్పలో పడుకోబెట్టారు. గాజాలోని పవిత్ర కుటుంబ చర్చికి ఫ్రాన్సిస్ దాదాపు రోజూ రాత్రి ఫోన్ చేసేవారు. ఆయన పోయాక, 2025 జూలై 17న ఆ చర్చి మీద గుండు పడి ముగ్గురు చనిపోయారు. ఆగస్టులో గాజా నగరంలోని పలు పేటలు ఖాళీ చేయాలని ఇజ్రాయెల్ హుకుం వచ్చింది. చర్చిల్లో తలదాచుకున్న ముసలివాళ్లు, వికలాంగులు దక్షిణానికి నడిస్తే బతకరని, తమ గురువులూ కన్యస్త్రీలూ కదలరని లాటిన్, గ్రీకు ఆర్థడాక్స్ పాట్రియార్కేట్లు కలిసి ప్రకటించాయి.