నట్టింటి మగ్గము – సర్కారు అనుమతి

"ఇంట్లో వ్యాపారము చేసుకొనుటకు అనుమతి యెందుకు?" అని విసుగుకొనేవారు మనలో ఎందరో. ఈ విసుగుకు మన సీమలో పాత చరిత్రయే ఉన్నది.

నేతగాని యిల్లే అతని పనిశాల. నట్టింట గుంటమగ్గము, వసారాలో రాట్నము. చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణముగా నున్న కుంపిణీ కాలమున, మదరాసు రాజధానిలో 'మొహతర్ఫా' అను పన్ను ఉండేది. సాలె, వడ్రంగి, కంసాలి, బాటప్రక్కన గంప దించి అమ్ముకొనే బేహారి, ఎవరినీ అది విడువలేదు. 1852లో గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు స్థాపించిన మదరాసు నేటివ్ అసోసియేషను ఇంగ్లండు పార్లమెంటుకు అర్జీ పంపినది. పనిముట్టు వెలకు ఆరురెట్లు మించి పన్ను పడుచున్నదని అందులో మొరపెట్టినది. తరువాత ఆ పన్ను రద్దయినది.

పన్ను పోయి పటము వచ్చినది. 1920లో మదరాసు పట్టణ ప్రణాళికా చట్టము, 1981లో తిరుపతికి 'తుడా' వచ్చినవి. నివాసమునకొక రంగు, వర్తకమునకొక రంగు, పరిశ్రమకొక రంగు!

ఇది వట్టి పీడన అనలేము. నగరి, పుత్తూరు ప్రాంతాల మరమగ్గాల రొద విన్నవారికి పొరుగువాని నిద్ర విలువ తెలియును. కాని ఒక్క కుట్టుమిషనుతో బిడ్డలను చదివించుకొనే ఇల్లాలిని అదే త్రాసున తూచుట న్యాయమా?

కుంపిణీవారు పనిముట్టును లెక్కించిరి, మనము చోటును లెక్కించుచున్నాము. ఆ పని వలన పొరుగువానికి బాధ కలుగుచున్నదా, లేదా? ముందు అడుగవలసినది అది.