ఎక్స్‌వన్ అంటే ఏందన్నా?

1998 నవంబరు 22. మాదాపూర్‌లో పది అంతస్తుల సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ పక్కనే ఉన్న రాయదుర్గం అప్పటికి గుట్టలు, బండరాళ్లు, తుప్పలు. ఆ భవనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఈ కథ మాత్రం 1998, 99ల్లో హైదరాబాదు, సికింద్రాబాదుల్లోని ఆఫీసు గదుల్లో తెల్లవార్లూ ముక్కూ మొహం తెలియని అమెరికన్లు ఎప్పుడో రాసిన కోడ్ చదువుతూ కూర్చున్న కుర్రాళ్లది. వాళ్లు కోడ్ రాయడం నేర్చుకున్న తీరు విచిత్రం. ముందు ఇతరులు చెడగొట్టింది చదివారు, ఆ తర్వాతే సొంతంగా రాశారు.

వైటూకే సంగతి అందరూ విన్నదే. 1960ల్లో, 70ల్లో కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదు. 80 నిలువు వరుసల పంచ్‌కార్డు మీద 1967 అని కొట్టే బదులు 67 అని కొడితే రెండు గడులు మిగిలేవి. లక్షల రికార్డుల్లో రెండేసి గడులంటే బోలెడు డబ్బు. కాబట్టి ఆ పొదుపును తప్పుపట్టలేం. ఆ ప్రోగ్రాములు ముప్పై ఏళ్ల తర్వాత కూడా నడుస్తూ ఉంటాయని వాటిని రాసినవాళ్లు ఊహించకపోవడమే ముంచింది. 2000 వచ్చేసరికి 00 అంటే 1900 అనుకునే యంత్రాలు బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, ఆసుపత్రుల్లో ఉన్నాయి. ప్రపంచమంతా కలిపి మరమ్మతుకు 300 నుంచి 600 బిలియన్ డాలర్లు అవుతుందని గార్ట్‌నర్ సంస్థ అంచనా కట్టింది. 1998 అక్టోబరులో అమెరికా విదేశీ నిపుణులకిచ్చే హెచ్‌వన్‌బీ వీసాల పరిమితిని 65 వేల నుంచి 1,15,000కు పెంచింది. ఆ పాత ప్రోగ్రాముల మరమ్మతుకు కావాల్సినవి నేర్పే కోచింగ్ సెంటర్ల బోర్డులు అమీర్‌పేటలో లేచాయి: కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీటూ. సివిల్, మెకానికల్ చదివినవాళ్లు కూడా జెరాక్స్ మెటీరియల్ పట్టుకుని అక్కడే తేలారు.

ఇక్కణ్నుంచి చెప్పబోయే రాత్రి ఏ ఒక్కరిదీ కాదు. అలాంటి గదుల్లో జరిగే పనిని ఒకచోట చేర్చి అల్లిన సన్నివేశం. అందుకే మనుషులకు పేర్లు లేవు. కోడ్‌లో కనిపించే తప్పులు మాత్రం ఆ రోజుల్లో నిజంగా పట్టుకున్న రకాలే.

1999 వేసవి, రాత్రి పదకొండు దాటింది. అక్కడ అమెరికాలో పగలు. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. కుర్రాడిది కరీంనగర్, చదివింది సివిల్. పక్క కుర్చీలో గుంటూరు నుంచి వచ్చిన సీనియర్. సీనియర్ అంటే పెద్ద వయసేం కాదు, రెండేళ్లు ముందు చేరినవాడు, అంతే. ఒక బీమా కంపెనీ ప్రోగ్రామ్‌లో తేదీలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి జాబితా రాయాలి. కుర్రాడు 'డేట్' అని వెతికాడు, 'ఇయర్' అని వెతికాడు, 'వైవై' అని వెతికాడు. దొరికినవి రాసుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాడు.

"అన్నా, ఈ ఎక్స్‌వన్ అంటే ఏంది?"

"ఎన్ని అంకెలు?"

"రెండు. దీన్ని ఇంకోదాంట్లకెల్లి తీసేస్తున్నడు."

"రెండంకెలదాన్ని తీసేస్తున్నాడంటే అనుమానించాల్సిందే. తీసేసి ఏం చేస్తున్నాడు?"

"అరవై అయిదుతోని పోలుస్తున్నడు."

"అమెరికాలో అరవై అయిదంటే ఏంటి తమ్ముడూ?"

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. "రిటైర్మెంట్. అంటే ఇది వయసు. ఎక్స్‌వన్ పుట్టిన సంవత్సరం!"

ఒక్క పేరు వెనక ఏముందో తేల్చడానికి గంటన్నర పట్టింది. తమాషా ఏమిటంటే కోబాల్‌ను 1959లో ఒక కమిటీ మొదలుపెట్టిందే మామూలు ఇంగ్లీషు వాక్యంలా చదువుకోగలిగేలా ఉండాలని. గ్రేస్ హాపర్ అంతకుముందు చేసిన ఫ్లోమాటిక్ భాష దానికి పునాది. వేరియబుల్ పేరుకు 30 అక్షరాల దాకా ఇచ్చారు. పాలసీ హోల్డర్ బర్త్ ఇయర్ అని హైఫన్లతో సహా ఇంగ్లీషులో రాసినా 24 అక్షరాలే. అంత సౌకర్యం ఇచ్చిన భాషలో ఒక మహానుభావుడు రెండక్షరాలతో సరిపెట్టాడు. అతనికి ఆ రోజు అర్థమైంది, పని నడిచింది, ఇంటికి వెళ్లిపోయాడు. పాత ఇంట్లో గోడలోపల వైరింగ్ చేసినవాడు ఏ తీగ ఎటు పోతుందో రాసిపెట్టకుండా వెళ్లిపోయినట్టు.

అసలు ప్రమాదం ఆ తర్వాత బయటపడింది. 1935లో పుట్టిన మనిషికి 2000లో అరవై అయిదు నిండుతాయి. ప్రోగ్రామ్ 00లోంచి 35 తీసేస్తుంది. వచ్చేది మైనస్ 35. అయితే ఆ జవాబు పెట్టుకునే గడి నిర్వచనంలో 'ఎస్' అనే అక్షరం లేదు. కోబాల్‌లో ఎస్ లేకపోతే ఆ గడికి మైనస్ గుర్తు పెట్టుకునే వీలుండదు. గుర్తు రాలిపోయి 35 మిగులుతుంది.

"అంటే అరవై అయిదేళ్ల ముసలాయనకు ముప్పై అయిదేళ్లు అంటది. ఎర్రర్ గూడ రాదు!"

"రాదు. ముప్పై అయిదు అనేది నమ్మదగ్గ వయసే. మైనస్ కనిపించినా, మూడంకెలు వచ్చినా ఎవరో ఒకరు ఆపేవారు. దీన్నెవరూ ఆపరు. పెన్షన్ మాత్రం రాదు."

ఈ రకం తప్పు గురించి కొత్తగా కోడ్ రాసేవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. ప్రోగ్రామ్ ఆగిపోతే కనీసం కారణం వెతుకుతాం. నమ్మించేలా తప్పు చెబితే వెతకాలన్న ఆలోచన కూడా రాదు.

తర్వాత మరమ్మతు. అప్పట్లో రెండు దారులుండేవి. ఫైళ్లన్నీ మార్చి నాలుగంకెల సంవత్సరం పెట్టడం ఒకటి. ఖర్చు ఎక్కువ, గడువు తక్కువ. రెండోది విండోయింగ్. ఒక హద్దు పెట్టుకుని, దానికంటే తక్కువ వస్తే 2000లు, లేకపోతే 1900లు అనుకోమనడం. పుట్టిన సంవత్సరానికి విండో పనికిరాదు. హద్దు 30 అనుకుంటే 1925లో పుట్టిన ముసలమ్మ 2025లో పుట్టబోయే పాప అయిపోతుంది. అక్కడ నాలుగంకెలు పెట్టాల్సిందే. పాలసీ మొదలైన తేదీకి మాత్రం విండో చాలు. కుర్రాడు లైన్లు రాశాడు: సంవత్సరం 30 కంటే తక్కువైతే ముందు 20, లేకపోతే 19. కోబాల్‌లో ఏడో నిలువు వరుసలో నక్షత్రం గుర్తు పెడితే ఆ లైను మనుషుల కోసం రాసే కామెంటు, యంత్రం పట్టించుకోదు. నక్షత్రం పెట్టి రాశాడు: సంవత్సరం 30 కంటే తక్కువైతే 20 చేర్చాలి.

సీనియర్ తల అడ్డంగా ఊపాడు. "అది కింద లైను చెబుతూనే ఉంది కదా. 30 ఎందుకు?"

"నువ్వే చెప్పినవ్ కదన్నా."

"2029లో ఎవడో ఈ ఫైలు తెరుస్తాడు. అప్పటికి నేనెక్కడుంటానో నువ్వెక్కడుంటావో. వాడు ఎవర్నడగాలి?"

కుర్రాడు కామెంటు చెరిపి మళ్లీ రాశాడు: ఈ ఫైల్లో 1930కి ముందు మొదలైన పాలసీ లేదు, అందుకే హద్దు 30, 2030లో మొదలయ్యే పాలసీలకు ఈ హద్దు తప్పు, మార్చాలి. తర్వాత 30 అనే అంకెను అక్కడికక్కడే వాడకుండా పైన ఒక పేరు పెట్టి ఉంచాడు. రేపు మార్చాల్సి వస్తే ఒకచోట మారిస్తే చాలు. ఎక్స్‌వన్ పేరు కూడా మార్చాలని అతనికి చెయ్యి దురద పెట్టింది. గడువు దగ్గరపడ్డప్పుడు అడగని చోట చెయ్యి పెట్టకూడదని సీనియర్ ఆపాడు. పేరు మార్చలేదు, పక్కన ఒక వాక్యం రాసి వదిలారు. ఆ నిర్ణయం సబబే అంటాను. శుభ్రం చేయడానికీ ఒక వేళ ఉంటుంది. పక్కన పరీక్షించేవాడు లేనప్పుడు సర్దబోతే ఉన్నది కూడా చెడుతుంది.

ఇదే మరమ్మతులో లీపు సంవత్సరం సంగతి మరీ నవ్వు తెప్పిస్తుంది. నాలుగుతో భాగిస్తే లీపు అని మాత్రమే తెలిసినవాడి ప్రోగ్రామ్ 2000లో సరిగ్గా నడిచింది. వందతో భాగిస్తే లీపు కాదని కూడా చదివి, 400తో భాగిస్తే మళ్లీ లీపేనన్న మూడో ముక్క దాకా పోనివాడి ప్రోగ్రామ్ ఫిబ్రవరి 29ని మింగేసింది.

1999 డిసెంబరు 31 రాత్రి లోకమంతా ఊపిరి బిగబట్టింది. విమానాలు కూలలేదు, బ్యాంకులు మూతపడలేదు. ఇంత హడావుడి ఎందుకని జనం నవ్వారు. నవ్వినవాళ్లకు ఇంగ్లండులోని షెఫీల్డ్ కథ తెలియదు. అక్కడి ఆసుపత్రి ప్రోగ్రామ్ వైటూకే లోపం వల్ల గర్భిణుల వయసు తప్పు లెక్కగట్టింది. 2000 జనవరి నుంచి మే దాకా 150 మందికి పైగా స్త్రీలకు, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఎంత ఉందో తప్పుగా చెప్పారు. అంకెలు ఎక్కడో తేడాగా ఉన్నాయన్న సంగతి అంత ఆలస్యంగా బయటపడింది. ఎర్రర్ రాలేదు, నమ్మదగ్గ అంకె వచ్చింది. కరీంనగర్ కుర్రాడు ఆ రాత్రి చూసిన జాతే అది.

ఇప్పుడు రాయదుర్గానికి వద్దాం. నాగోలు నుంచి వచ్చే మెట్రో 2019 నవంబరు 29 నుంచి ఇక్కడిదాకా వస్తోంది. 2022 జూన్ 28న టీహబ్ అనే స్టార్టప్ కేంద్రానికి కొత్త భవనం తెరిచారు. బండలు పగలగొట్టిన చోట అద్దాల మేడలు. ఆ మేడల్లో చేరిన ఫ్రెషర్ రాసిన కోడ్ పుల్ రిక్వెస్ట్‌గా, అంటే చేర్చుకునేముందు చూడమన్న విన్నపంగా వెళ్తుంది, సీనియర్లు లైను లైనుకు కామెంట్లు పెడతారు. 'టెంప్ టూ అంటే ఏంటి?' అన్న ప్రశ్న రోజూ ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటుంది. ఎక్స్‌వన్‌కు మనవడు.

ఇవాళ సౌకర్యాలు ఎక్కువ. ఖాళీలు, వరసలు సర్దే ఫార్మాటర్లు ఉన్నాయి. పైథాన్ అయితే మార్జిన్ సరిగా లేకపోతే నడవనే నడవదు. సీ భాషలో ఆ కట్టుబాటు లేకపోవడం ఎంత పని చేస్తుందో 2014 ఫిబ్రవరిలో యాపిల్ చూపించింది. ఐఫోన్ భద్రతను తనిఖీ చేసే కోడ్‌లో ఇఫ్ అనే షరతు కింద 'గోటూ ఫెయిల్' అన్న లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండూ ఒకే వరసలో లోపలికి జరిగి ఉన్నాయి కాబట్టి, రెండూ ఆ ఇఫ్‌వే అనుకుంటుంది చూసే కన్ను. బ్రాకెట్ లేదు కాబట్టి యంత్రానికి రెండోది ఏ షరతూ లేని లైను. దాంతో అవతలి సర్వర్ సంతకం తనిఖీ జరగకుండానే దాటిపోయింది. ఫిబ్రవరి 21న యాపిల్ ఆదరాబాదరాగా అప్‌డేట్ పంపాల్సి వచ్చింది. ఒక జత బ్రాకెట్లు పెట్టే అలవాటు ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

పేరు మాత్రం ఏ ఫార్మాటరూ పెట్టదు. ఈ మధ్య అడిగిందే తడవుగా కోడ్ రాసిచ్చే ఏఐ సాధనాలొచ్చాయి. పేర్లు చక్కగానే పెడతాయి, కామెంట్లు కూడా రాస్తాయి. కానీ 30 ఎందుకో వాటికి తెలియదు, ఎవరో చెబితే తప్ప. పైగా చేరిన మొదటి వారమే ఫ్రెషర్ చేత కోడ్ రాయించేస్తున్నారు. వైటూకే కుర్రాళ్లకు దొరికిన చాకిరీ, అంటే నెలల తరబడి ఇతరుల కోడ్ చదివి తిట్టుకునే అవకాశం, వీళ్లకు దొరకడం లేదు. నన్నడిగితే మొదటి నెల కొత్త ఫైలు తెరవనివ్వకూడదు. పదేళ్ల నాటి ఫైలు ఒకటిచ్చి, ఇందులో ప్రతి పేరూ ఏమిటో, ప్రతి అంకె ఎందుకుందో రాసుకు రమ్మనాలి.

ఇంకో తేదీ దగ్గరికొస్తోంది. చాలా పాత వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెట్టి, 32 బిట్ల గడిలో దాచుకుంటాయి. ఆ గడిలో పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 సెకన్లు. 2038 జనవరి 19, మంగళవారం, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది. మరుసటి సెకనుకు ఆ వ్యవస్థలకు అది 1901. ఇవాళ రాయదుర్గంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పటికి ముప్పైల్లో ఉంటారు, ఆ ఉదయం వాళ్లే డ్యూటీలో ఉంటారు. మీరు రాస్తున్న ఫైల్లో కాలాన్ని దాచిన చోటు ఏదైనా ఉంటే, అదెన్ని బిట్లో, అలా ఎందుకు ఎంచుకున్నారో ఈ వారమే పక్కన ఒక్క వాక్యం రాసిపెట్టండి.