పసుపుపచ్చ మాత్ర

మా మేనకోడలికి రెండో నెల. డాక్టరమ్మ రాసిచ్చిన మందుల్లో చిన్న పసుపుపచ్చ మాత్ర ఒకటుంది. "ఒంట్లో బాగానే ఉందిగా అత్తయ్యా, ఇదెందుకూ?" అని మొన్న గునిసింది. "అది మన భీమవరం ఆయన పుణ్యమే, వేసుకో" అన్నాను. ఆ కథేమిటో చెప్పేదాకా వదల్లేదు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. సైంటిస్టు అంటే ఉగ్గుపాలనాటి నుంచీ ఫస్టు మార్కులవాడనుకుంటాం కదా! ఈయన మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సన్యాసుల్లో కలుద్దామని రామకృష్ణ మిషన్ వైపు చూశారు. చివరికి మద్రాసులో వైద్యం చదివారు. గాంధీగారి మాట విని ఖద్దరు కడితే దొర ప్రొఫెసరుకి గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది.

మరి ఇలాంటి మనిషిని పరిశోధనలోకి లాగిందేమిటి? స్ప్రూ అని ఒక జబ్బుంది. తిన్నది వంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి ఎండిపోతాడు. ఆ జబ్బుతోనే వాళ్ల అన్నగారు పురుషోత్తంగారు పోయారు. దానికి సరైన మందు లేని రోజులవి. ఆ మందు లేకపోవడమే ఆయన మనసులో ముల్లులా మిగిలిపోయిందని నాకనిపిస్తుంది.

మామగారి సాయంతో 1923లో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేస్తూ హార్వర్డులో చదివారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్క్ గారితో కలిసి కనిపెట్టి 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

ఇటు బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గిపోతోందా అని వెతికింది. ఈస్టు సారం పెడితే తేరుకుంటున్నారని 1931లో చెప్పింది. అందులో ఉన్న వస్తువేమిటో మాత్రం ఆవిడకి తెలియలేదు. 1945లో సుబ్బారావుగారి బృందం ఆ వస్తువుని ప్రయోగశాలలో తయారు చేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. దానితో స్ప్రూ రోగులు కోలుకున్నారు. అన్నగారికి మాత్రం అందలేదు.

గర్భం రాకముందు నుంచే అది వాడితే బిడ్డకి వెన్నుపాము లోపాలు చాలావరకు రావని 1991లో తేలింది. ఆ సంగతి ఆయన ఊహించి ఉండరు.

ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ కథ సగమే. ఆయన ఓడెక్కేనాటికి భార్య శేషగిరిగారు కడుపుతో ఉన్నారు. పుట్టిన మగబిడ్డ తండ్రి కంటపడకుండానే పసితనంలో పోయాడు. ఆయన మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. ఇంట్లో జరిగిన ఒక చావు ఆయన్ని సైన్సులోకి పంపితే, ఆ సైన్సు ఖర్చులో సగం ఈ ఇల్లాలు కట్టింది. బహుమతుల జాబితాల్లో ఇలాంటివాళ్ల పేర్లుండవు.

మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. "ఆవిడ పేరేమన్నావు అత్తయ్యా?" అని మళ్లీ అడిగింది.

"శేషగిరి" అన్నాను.

మాత్ర వేసుకుని గ్లాసుడు మంచినీళ్లు తాగింది.