గోదావరి డెల్టాయందలి గృహ మితవ్యయము

నీటిని, ఆహారశేషమును, దొడ్డిలోని చెట్టుచేమల వలన లభించు ప్రతివస్తువును వృథాపోనీయక మరల మరల వినియోగించుకొను గృహాచారములు గోదావరి డెల్టాలో జిరకాలముగా నున్నవి. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి ముగిసిన పిమ్మట, కాలువలు చేరిన గ్రామములలో సేద్యపు నీరే త్రాగునీరు కూడ నగుటచే, ఇల్లాండ్ర నీటివాడుక కాలువ వేళలనుబట్టి యేర్పడినది. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గనుక, అంతకుముందే ఊరి మంచినీటి చెరువును నింపుకొనవలెను. సముద్రమునకు సమీపించిన కొలదిని నూతినీరు ఉప్పుబాఱుచుండుటచే ఆ చెరువే యూరికి ప్రాణాధారము. అందు బట్టలుతుకుటయు, పశువులను దింపుటయు పెద్దలు నిషేధించుట యిందుచేతనే.

వర్షాకాలమున నదికి ఎఱ్ఱనీరు వచ్చినపుడు చిల్లగింజ పని మొదలగును. కతకమను పేర దీనిని సుశ్రుతసంహిత నీటిని తేర్చు ద్రవ్యములలో జేర్చినది. గింజను తడిపి, బానలోపలి గరుకు గోడకు అరగదీసి, ఆ గంధమును నీటిలో గలిపి రాత్రియంతయు గదపక యుంచినచో, అందలి మాంసకృత్తులును బహుశర్కరలును నీట దేలు మట్టిరేణువులను గుదిగూర్చి అడుగునకు దించును. తెల్లవారునప్పటికి పైన తేటనీరు నిలుచును. అడుగుమడ్డి పాదులలోనికి బోవును. అయినను తేటనీరెల్ల నిర్దోషము కాదు. కలరావంటి వ్యాధులను గలిగించు క్రిములు దీనివలన బూర్తిగా నశింపవు గనుక కాచి చల్లార్చుట తప్పదు.

బియ్యము కడిగిన నీరు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు కుడితిగోలెమునకును, ఆ కుడితి తవుడుతో గూడి గేదెకును, గేదె పేడ పిడకయై దాలిలోని పాలకుండ క్రిందికిని, పిడకల బూడిద కొబ్బరిపీచుతో అంట్లగిన్నెలకును జేరుచుండెను. బూడిదలోని క్షారము జిడ్డుతో గలిసి కొంత సబ్బుగా మారుటయే దాని శుద్ధిశక్తికి గారణము. స్నానపు నీరు అరటిపిలకలకును, చేమపాదులకును బాఱును. కోనసీమలో కొబ్బరి ఈనె చీపురగును, ఆకు తడికయగును, మట్టయు డొక్కయు పొయ్యిలోనికి బోవును.

ఈ పొదుపును గొనియాడువారు దాని భారమెవరు మోసిరో చెప్పకుండుట న్యాయము కాదు. చెరువునుండి బిందెలు మోసినదియు, పేడ పిసికి పిడకలు చరచినదియు, పొగలో గన్నులు మండించుకొన్నదియు స్త్రీలే. గ్యాసుపొయ్యి వచ్చి దాలి మాయమగుట వగవదగినది కాదు. గంజియు తొక్కలును మురుగుకాలువ పాలగుట మాత్రము వగవదగినదే.

ఇప్పుడు పెక్కు గ్రామములలో రివర్స్ ఆస్మోసిస్ యంత్రములచే శుద్ధిచేసిన నీటిని టిన్నులతో గొనుచున్నారు. ఆ యంత్రము తాను దీసికొన్న నీటిలో గొంతభాగమును లవణాధికముగా వెలికి విడుచును. అది వాకిలి కడుగుటకు, మరుగుదొడ్డికి బనికివచ్చును గాని, ఉప్పును సహింపని మొక్కలకు నిత్యము పోయరాదు. కాలువగట్లపై ప్లాస్టిక్ పేరుకొనుట వేఱొక బాధ. ఒకసారి వాడి పాఱవేయు గ్లాసులు, పళ్ళెములు, స్ట్రాలు మొదలగువానిని భారత ప్రభుత్వము 2022 జులై 1 నుండి నిషేధించినది. విందులలో అరటియాకు ఈ మండలమున నేటికిని వాడుకలో నుండుటచే, పళ్ళెముల విషయమున ఆ శాసనమును బాటించుట యిచ్చటివారికి గష్టము కాదు. తిన్న ఆకు పశువునకో, పెంటపోగునకో చేరును.