ఇంటి నెమ్ము – ఎద నెమ్ము

మన తెలుగులో 'నెమ్ము' అను చిన్న మాట యొకటి కలదు. వానకాలమున గోడ అడుగున చెమ్మ పైకెక్కి సున్నము పొరలు లేచినపుడు 'గోడకు నెమ్ము పట్టినది' అందుము. పసిబిడ్డ రొమ్ములో కఫము చేరి ఆయాసపడుచున్నపుడు 'బిడ్డకు నెమ్ము చేసినది' అందుము. తెలంగాణములో దీనినే 'నిమ్ము' అని పలుకుటయు కలదు. గోడకు వచ్చిన తెగులునకును, ఎదకు వచ్చిన తెగులునకును ఒకటే పేరు. ఈ రెండింటికిని గల సంబంధమును ప్రయోగశాలలో నిరూపించుటకు పాశ్చాత్య వైద్యమునకు ఇరువదవ శతాబ్దిలో సగముపైగా పట్టినది. మన ముసలమ్మలు మాత్రము ఒకే మాటతో రెండింటిని పిలుచుచునే యుండిరి.

ఇట్టిదే మరియొక మాట 'పడదు'. 'వానికి దుమ్ము పడదు', 'ఈమెకు వంకాయ పడదు' అని ప్రతి ఇంటను వినబడును. పదిమందికి హాని చేయని వస్తువు ఒకనికి మాత్రము హాని చేయుట అను ఈ వింతకు 1906లో వియన్నా నగర వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 'అలర్జీ' అని పేరు పెట్టెను. పేరు కొత్తది, అనుభవము పాతది.

ఈ కథ చెప్పుకొనుటకు మహదేవపూర్ ప్రాంతము తగిన చోటు. ఒకప్పుడు కరీంనగరు జిల్లాలోనిదైన ఈ ఊరు 2016 అక్టోబరు 11 నుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినది. సమీపముననే కాళేశ్వరమువద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. చుట్టును అడవి. అందలి మద్దిచెట్లపై దసలిపురుగులు పెరుగును. వాని కాయలను ఉడికించి తీసిన దారముతో నేసిన మహదేవపూర్ దసలిపట్టు చీరలు పేరుపొందినవి. మృగశిర కార్తె మొదలుకొని వానలు వెనుకపట్టు పట్టువరకు నదియు, అడవియు, వర్షమును కలిసి ఈ ప్రాంతపు గాలిని తేమతో నింపును.

నేతవారి ఇండ్లలో ఈ తేమకు రెండు ముఖములు కలవు. గుంటమగ్గమును చూచినవారు ఎరుగుదురు: నేలలో గుంట త్రవ్వి, అందు కాళ్లుంచి నేతగాడు కూర్చుండును. నేల చెమ్మవలన పడుగుపోగులు పెళుసెక్కి తెగకుండ నుండును. ఎండకాలమున ఆ చెమ్మ నిలుచుటకు నీళ్లు చల్లుటయు వాడుకయే. అనగా మగ్గము బ్రదుకుటకు గదిలో తడి కావలెను. అయితే ఆ గదిలోనే, ఆ మగ్గము ప్రక్కనే, రాత్రి బొంతలు పరచుకొని పిల్లలు నిద్రింతురు. పోగునకు మేలైన తేమ పిల్లవాని ఊపిరికి కీడు. కూడు పెట్టు పనియు, కునుకు తీయు చోటును ఒకటే యగుట మన చేతివృత్తుల ఇండ్లలో తరతరముల చిక్కు.

పూర్వులు ఈ చిక్కును ఎరుగక పోలేదు. పాత ఇంటిని పరికించిన, తడితో జరిపిన పోరాటపు గురుతులు అడుగడుగునను కనబడును. వీధికంటె ఎత్తుగా కట్టిన అరుగు నేలనీటిని దూరముగా నుంచును. గోడను దాటి ముందుకు చాచిన చూరు వానజల్లును గోడపై పడనీయదు. గూనపెంకుల సందులనుండి లోపలి ఆవిరి బయటికి పోవును. మట్టిగోడ పీల్చిన తడిని మరల గాలికి విడిచిపెట్టును. అన్నిటికంటె ముఖ్యమైనది సున్నము. తడిసున్నమునకు గల తీవ్రమైన క్షారగుణము బూజును చంపును. ఆరిన పిమ్మట అది గోడ ఊపిరిని అడ్డగింపదు. దసరా ముందు ఇల్లంతయు దులిపి, సామాను వాకిట ఎండబెట్టి, గోడలకు సున్నమును, అంచులకు జాజును పూయుట తెలంగాణపు ఇండ్లలో ఆచారము. పండుగకు ఇల్లు అలంకరించుట అని మనము తలతుము. వానకాలమంతయు పేరుకొన్న బూజును, దుమ్మును ఏటేట తుడిచివేయు ఆరోగ్యనియమము కూడ అందు ఇమిడియున్నది.

అట్లని పాత ఇల్లు స్వర్గమని చెప్పరాదు. కిటికీ లేని లోపలి గదులు, పొయ్యిపొగ, గింజల గాదెలు, నెలల తరబడి ఎండ చూడని బొంతలు, ఇవన్నియు దగ్గును, ఆయాసమును పెంచినవి. బూజునకు సాంబ్రాణి ధూపము మందని పలువురి నమ్మకము. పొగవలన వాసన మరుగుపడును; బూజు పోదు; ఉబ్బసరోగికి ఊపిరి మరింత బిగియును.

ఇతర దేశములలో ఈ జ్ఞానము ఎట్లు పెరిగినదో కొంచెము చూతము. యూదుల ప్రాచీన ధర్మగ్రంథమగు లేవీయకాండమున, గోడలపై పచ్చని, ఎఱ్ఱని మచ్చలు లేచిన ఇంటికి ఏమి చేయవలెనో విధి కలదు. ఏడుదినములు ఇల్లు మూసియుంచవలెను. మచ్చ పెరిగినచో ఆ రాళ్లు ఊడదీసి, గోడ గీకి, క్రొత్త పూత పూయవలెను. మరల వచ్చినచో ఇల్లు పడగొట్టవలెను. మూలమును తొలగింపక పైపూత పూసిన లాభములేదని వారు ఆనాడే గ్రహించిరి.

1552లో ఇటలీదేశపు వైద్యుడు కార్డానో ఉబ్బసముతో బాధపడుచున్న ఒక క్రైస్తవ మతాచార్యునికి వైద్యము చేయుటకు స్కాట్లండు పోయెను. అతడు రోగి పడుకొను ఈకల పరుపును తీసివేయించి, వడకని పట్టుతో నింపిన పరుపు వేయించెను. రోగి కుదుటపడెను. ఈకల దుమ్మునుండి అతనిని పట్టు కాపాడినది. కాని ఆ పట్టే అందరికి మేలు చేయదు. పట్టుకాయలను ఉడికించి దారము తీయువారిలో కొందరికి ఆ కాయల పొడి, పురుగుల రెక్కల నూగు పడక ఉబ్బసము వచ్చుట మనదేశపు వైద్యులే గుర్తించిరి. ఒకరికి ఔషధమైనది మరొకరికి విషమగుట ఈ వ్యాధి స్వభావము. దసలికాయలతో పనిచేయు స్త్రీలు ఈ సంగతి ఎరిగియుండుట మంచిది.

ఇంటిదుమ్ములో పడనిది ఏది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినది హాలండు. అది కొంతభాగము సముద్రమట్టమునకు దిగువన, కాలువల నడుమ, మన నదీతీరములవలెనే తేమగానున్న దేశము. లైడెన్ నగరమున స్టార్మ్ వాన్ లూవెన్ అను వైద్యుడు, పల్లపు తడినేలలలో ఉబ్బసము ముదురుటను, ఎత్తైన కొండలపై పొడిగాలిలో రోగులు తేరుకొనుటను గమనించి, 1920ల దశాబ్దిలో శుద్ధమైన గాలి వచ్చు ప్రత్యేకమైన గదులు కట్టించి వారిని అందుంచెను. 1964లో అదే నగరమున ఫోర్‌హార్స్ట్, స్పీక్స్‌మా అను పరిశోధకులు దోషిని పట్టుకొనిరి. అది మిల్లీమీటరులో మూడవవంతైనను లేని నల్లివంటి జీవి. మన చర్మమునుండి రాలు పొట్టు దాని ఆహారము. అది నీరు త్రాగదు. గాలిలోని తేమనే పీల్చుకొనును. గాలి పొడిబారిన అది చచ్చును. తేమ హెచ్చిన వేలకొలది పెరుగును. దాని మలమే పరుపునుండి లేచి ఊపిరిలో చేరి బాధించును. మనదేశపు పరుపుల దుమ్ములోను ఈ జాతులు కనబడినవి. గోడ నెమ్మునకును, ఎద నెమ్మునకును నడుమనున్న దూతలలో ఇది యొకటి, బూజు రెండవది.

బూజుపై జరిగిన పరిశోధన ఒక విచిత్రమునకు దారితీసినది. 1928లో లండనునందు ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నపుడు, ఆయన గదికి దిగువ అంతస్తున లటూష్ అను శాస్త్రజ్ఞుడు ఉబ్బసరోగుల ఇండ్లనుండి తెచ్చిన బూజులను పెంచుచుండెను. ఫ్లెమింగ్ పళ్లెములో పడిన బూజు అక్కడినుండియే వచ్చియుండునని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఊపిరి తీయు బూజును వెదకుచుండగా ప్రాణము పోయు బూజు దొరకినదన్నమాట! పిమ్మట 1966–67లో జపానుదేశీయులగు ఇషిజాకా దంపతులు అమెరికాలోను, యొహాన్సన్, బెన్నిక్ స్వీడనులోను 'ఇమ్యునోగ్లోబ్యులిన్–ఇ' అను రక్తపదార్థమును కనుగొనగా, పడకపోవుటకు గల దేహకారణము తేటపడెను. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి తేమను, బూజును గూర్చి మార్గదర్శక సూత్రములు ప్రకటించుచు, తేమ ఇండ్లలో ఉబ్బసము, శ్వాసబాధలు హెచ్చునని స్పష్టపరచెను.

ఇక మన ఇండ్ల సంగతి. పెంకుటిండ్ల స్థానమున సిమెంటు ఇండ్లు వచ్చినవి. అగ్ని, గాలివానల భయము తగ్గినది; మేలే. కాని మట్టిగోడకు సిమెంటు పూత పూసినచో లోపలి తడి బయటికి పోలేక గోడలోనే నిలిచిపోవును. చూరు లేని కప్పు, గోడలో కారు గొట్టము, కిటికీలు మూసి త్రిప్పు కూలరు, గదిలోనే ఆరవేసిన బట్టలు, ఇవన్నియు క్రొత్త నెమ్మునకు మూలములు.

దీనిపై వరదలు తోడైనవి. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను గోదావరి పొంగి తీరగ్రామములను ముంచెత్తెను. 2022లో కన్నేపల్లి పంపుగృహమే నీట మునిగినది. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి గ్రామమును వాగు ముంచివేయగా ప్రజలను హెలికాప్టర్లతో రక్షింపవలసి వచ్చెను. నీరు తీసిన మరునాడు వార్త ముగియును. ఇంటివారి కష్టము అప్పుడే మొదలగును. తడిసిన గోడ ఆరుటకు వారములు, నెలలు పట్టును. ఆరకముందే రంగు పూసిన, బూజు లోపల పెరిగి మరల బయటపడును. రెండు దినములలోపల ఆరని పరుపునకు, ప్రత్తికి బూజు పట్టుట ఆరంభమగును. వరదనీట నానిన పరుపును మోహమాటము లేక పారవేయుటయే మేలు.

చేయదగిన పనులు కష్టసాధ్యములు కావు. మొదట నీరు ఎటనుండి వచ్చుచున్నదో కనుగొనవలెను: కప్పునుండియా, గొట్టమునుండియా, నేలనుండియా? దానిని ఆపనిదే ఏ పూతయు నిలువదు. బీరువాను, మంచమును గోడకు జానెడు దూరముగా జరుపవలెను. వాన కురియుచున్నంతసేపు బయటి గాలియు తేమదే. ఎండ పొడచూపిన వెంటనే కిటికీలు తెరువవలెను. వంటింటి ఆవిరికి దారి చూపవలెను. చీపురుతో దుమ్ము లేపుటకంటె తడిగుడ్డతో తుడుచుట మంచిది. దుప్పట్లను బాగుగా మరిగిన వేడినీట ఉతికి, బొంతలను గట్టి ఎండలో వేసి, బయటనే దులుపవలెను. ఆ దులుపు పని ఉబ్బసమున్నవారు చేయరాదు. అన్నిటికంటె ముందు, స్థలమెంత చిన్నదైనను, మగ్గపు గదిలో పిల్లలను పరుండబెట్టకుండుట.

ఏటేట మృగశిర కార్తెనాడు హైదరాబాదునందు ఉబ్బసమునకు ఇచ్చు చేపమందుకై జనులు వేలకొలది తరలిపోవుదురు. దాని గుణము శాస్త్రపరీక్షలలో నిరూపితము కాలేదు. కాని తొలకరి చినుకు పడునాడే ఊపిరి అందనివారు అంతమంది కూడుట, వానకును ఆయాసమునకును గల చుట్టరికమును జనులు ఎంతకాలముగా ఎరుగుదురో చాటుచున్నది. నమ్మకము ఎవరిదైనను, వైద్యుడు ఇచ్చిన పీల్చుమందును మాత్రము మానరాదు. అది అలవాటుగా పట్టుకొను మత్తుపదార్థమనుట అపోహ. ఉబ్బసము అంటువ్యాధియు కాదు; దానిని దాచవలసిన పనిలేదు. పెండ్లి కావలసిన పిల్ల యని దగ్గును దాచి, మందు మాన్పించిన ఇంట ఒకనాటి రాత్రి ఆ పిల్ల ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఈ వానకాలమున మీ ఇంటి గోడ అడుగున నల్లని మచ్చ కనబడినచో దానిని గోడ అందమునకు వచ్చిన లోపముగా మాత్రమే చూడకుడు. ఆ రాత్రి పిల్లల పడకచెంత ఒక్క నిమిషము నిలిచి వారి ఊపిరి ఆలకింపుడు. అందు పిల్లికూత వినబడిన, గోడకు మరమ్మతును, బిడ్డకు వైద్యమును ఒకే దినమున ఆరంభింపుడు. రెండింటికిని ఒకే పేరు పెట్టిన మన పెద్దలు మనకు చెప్పదలచినది అదియే.