మందు కొట్టే చెయ్యి - చట్టానికి కనపడని చెయ్యి

మన ఊళ్లలో పురుగుల్ని చంపే విషాన్ని 'మందు' అంటాం. "రేపు పత్తికి మందు కొట్టాలి, ఇద్దరు మనుషుల్ని పంపండి" అని రైతు పేటకు కబురు పెడతాడు. జ్వరానికి మింగేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. అదే పదార్థం డబ్బా మీద ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఎర్ర త్రికోణం ఉంటుంది, పుర్రె బొమ్మ ఉంటుంది, 'విషం' అన్న మాట ఉంటుంది. ఊరు 'మందు' అనేదాన్నే ప్రభుత్వం 'విషం' అంటుంది. ఈ రెండు పేర్ల మధ్య వీపు మీద పంపు మోసుకుంటూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతను చాలాసార్లు మాలపల్లె మనిషి, మాదిగపల్లె మనిషి, లేదంటే తండా మనిషి. బిందెతో నీళ్లు మోసి మందు కలిపి ఇచ్చేది చాలాసార్లు అతని భార్య. ఆర్గనోఫాస్ఫేట్ పురుగు మందుల నియంత్రణ చరిత్రలో ఈ ఇద్దరూ ఎక్కడున్నారు? ఈ వ్యాసంలో మేం అడుగుతున్న ప్రశ్న ఇది ఒక్కటే.

ముందు ఈ విషం పుట్టుక చూద్దాం. జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ కంపెనీలో పనిచేసిన గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త 1930లలో పురుగుల్ని చంపే కొత్త పదార్థాల కోసం భాస్వరం సమ్మేళనాల మీద పరిశోధన చేశాడు. 1936లో అతను తయారు చేసిన ఒక పదార్థం పురుగుల్నే కాదు, మనుషుల్ని కూడా చంపేదిగా తేలింది. అదే టాబున్. నాజీ సైన్యం దాన్ని యుద్ధ విషంగా తయారు చేయించింది. 1938లో సారిన్ వచ్చింది. 1944లో అదే దారిలో పారాథియాన్ వచ్చింది. యుద్ధం ముగిశాక ఈ కుటుంబంలో కొన్ని సైన్యాల గిడ్డంగుల్లో ఉండిపోయాయి, కొన్ని పొలాల్లోకి వచ్చాయి. మన పత్తి చేలల్లో 'మోనో' అని పిలుచుకునే మోనోక్రోటోఫాస్ 1960లలో మార్కెట్లోకి వచ్చింది. అదీ ఈ కుటుంబానిదే.

ఇవి పనిచేసే తీరు పురుగులోనూ మనిషిలోనూ ఒకటే. నరం నుంచి కండరానికి కబురు మోసే పదార్థం అసిటైల్‌కోలిన్. కబురు అందాక దాన్ని విరగ్గొట్టడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆర్గనోఫాస్ఫేట్ ఆ ఎంజైమ్‌ను కట్టిపడేస్తుంది. ఇక కబురు ఆగదు. కళ్లు మసకబారతాయి, చెమట కారుతుంది, చొంగ కారుతుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి, కండరాలు అదురుతాయి. ముదిరితే ఊపిరి అందదు. విరుగుడుగా డాక్టర్లు అట్రోపిన్ ఇస్తారు. ఈ విషం తాగితేనే ఎక్కుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. చర్మం గుండా కూడా ఎక్కుతుంది. పంపు కారి వీపు తడిస్తే ఎక్కుతుంది. పంట ఛాతీ ఎత్తు పెరిగాక తడిసిన ఆకుల్లో నడిచినా ఎక్కుతుంది. రోజూ కొంచెం కొంచెంగా ఎక్కినప్పుడు ఎంజైమ్ తరుగుతూ పోతుంది, మళ్లీ కోలుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆ తలనొప్పినీ కళ్లు తిరగడాన్నీ కూలీ ఎండదెబ్బ అనుకుంటాడు. మజ్జిగ తాగి పడుకుంటాడు. మర్నాడు మళ్లీ పంపు ఎత్తుకుంటాడు. రక్తపరీక్ష చేస్తే ఆ తరుగుదల తెలుస్తుంది. కానీ కూలీకి ఆ పరీక్ష చేయించేదెవరు?

మన దేశంలో ఈ విషాల మీద చట్టం రావడానికి కారణం పొలం కాదు, వంటిల్లు. 1958 ఏప్రిల్, మే నెలల్లో కేరళలో విషం కలిసిన ఆహారం తిని 100 మందికి పైగా చనిపోయారు. గోధుమపిండిని పారాథియాన్‌తో పాటు ఒకే ఓడలో రవాణా చేశారు. విషం కారి పిండిలో కలిసింది. దేశం ఉలిక్కిపడింది. విచారణ కమిషన్ వేశారు, నిపుణుల సంఘం వేశారు. పదేళ్ల తర్వాత 1968లో పార్లమెంటు కీటకనాశినుల చట్టం చేసింది. 1971లో దాని కింద నిబంధనలు వచ్చాయి. కేంద్ర కీటకనాశినుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ ఏర్పడ్డాయి. దిగుమతికి, తయారీకి, అమ్మకానికి, రవాణాకు, నిల్వకు పద్ధతులు పెట్టారు. అక్కడ చనిపోయినవాళ్లు విషాన్ని తిన్నవాళ్లు. అందుకే చట్టం ఓడను చూసింది, గోడౌన్‌ను చూసింది, షాపును చూసింది, డబ్బాను చూసింది. చేనును మాత్రం చూడలేదు.

ఇది మేం ఊరికే అంటున్న మాట కాదు. ఆ చట్టంలో 38వ సెక్షన్ ఉంది. సొంత ఇంటి అవసరానికి, పెరటి తోటకు, తన సాగులో ఉన్న భూమికి ఎవరైనా కీటకనాశిని వాడుకుంటే ఆ వాడకానికి ఈ చట్టం వర్తించదని దాని సారాంశం. చిన్న రైతును అధికారుల వేధింపుల నుంచి కాపాడటానికే ఇలా రాశామని చెప్పొచ్చు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ ఈ వాక్యం రాసినవాళ్ల మనసులో ఉన్న పొలం ఎలాంటిది? భూమి ఎవరిదో, మందు కొట్టేదీ వాడే అనుకున్న పొలం అది. మన పల్లెల్లో భూమి ఒకరిది, వీపు ఇంకొకరిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే దళితుల్లో సగానికి పైగా వ్యవసాయ కూలీలే. భూమి లేనివాళ్లకు 'తన సాగులో ఉన్న భూమి' అన్న మాటలో చోటెక్కడిది? భూస్వామికి అది స్వేచ్ఛ, కూలీకి అది చట్టం ఆగిపోయే గట్టు. కులం గురించి ఒక్క ముక్క రాయకుండానే చట్టం కులాన్ని ఎలా మోస్తుందో చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

1971 నిబంధనలు చదివితే చాలా మంచి మాటలే కనిపిస్తాయి. విషంతో పనిచేసేవాళ్లకు, చల్లే పనిలో ఉన్నవాళ్లకు వైద్య పరీక్షలు జరపాలి. రక్షణ దుస్తులు, చేతి తొడుగులు, ముఖానికి ముసుగులు ఇవ్వాలి. విరుగుడు మందులు, ప్రథమ చికిత్స అందుబాటులో ఉంచాలి. పనివాళ్లకు శిక్షణ ఇవ్వాలి. ఫ్యాక్టరీలో అయితే వీటిని యజమానిని అడగొచ్చు, హాజరు పట్టీ ఉంటుంది, తనిఖీ చేసే అధికారి ఉంటాడు. చేనులో కూలీకి హాజరు పట్టీ లేదు. మందు కొట్టేటప్పుడు తలకు తువ్వాలు, ఒంటికి పాత చొక్కా, కాళ్లకు ఏమీ ఉండవు. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు ఉండవు. నీళ్లంటే కాలవే, అదే కాలవలో ఖాళీ డబ్బాలు కడుగుతారు. మనవాళ్లకు నీళ్ల విషయం చిన్నది కాదు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మనవాళ్లు తాగే నీళ్ల చెరువును మురికి చెయ్యొద్దన్న దగ్గరే.

ఇక పత్తి చరిత్రకు వద్దాం. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి విపరీతంగా పెరిగింది. దాంతో పాటే మందులూ పెరిగాయి. పురుగు మందుకు అలవాటు పడింది. 1987-88లో తెల్లదోమ పంటను తినేసింది, రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. తర్వాత పత్తి వరంగల్, మిగతా తెలంగాణ జిల్లాలకు పాకింది. 1997-98లో అక్కడా అదే జరిగింది. అప్పు, సలహా, మందు - మూడూ ఒకే షాపులో దొరికాయి. ఆ చావుల మీద రాష్ట్రమంతా మాట్లాడింది, మాట్లాడాల్సిందే. చనిపోయిన రైతుల్లో కౌలుదార్లు, బీసీలు, ఎకరం రెండెకరాల దళితులు కూడా ఉన్నారు. వాళ్లను వేరు చేసి చూడాలని మేం అనటం లేదు. మేం అనేది వేరే. మందు తాగినవాడు పత్రికకెక్కాడు, మందు కొట్టి పడిపోయినవాడు ఎక్కలేదు.

లెక్కలు కూడా అలాగే ఉన్నాయి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి రికార్డుల మీద 2005లో వచ్చిన ఒక వైద్య అధ్యయనం ప్రకారం 1997 నుంచి 2002 వరకు పురుగు మందు విషంతో 8,040 మంది ఆ ఒక్క ఆసుపత్రిలో చేరారు. నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2002లో చేరినవాళ్లలో 96 శాతం మంది కావాలని తీసుకున్నవాళ్లే. ఏ మందో తెలిసిన చావుల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ వల్ల జరిగినవి. ఈ అంకెల్ని చూసి 'మందు కొట్టడం వల్ల ప్రమాదం లేదు, తాగితేనే ప్రమాదం' అనేవాళ్లున్నారు. ఆసుపత్రి రిజిస్టరులోకి ఎక్కేది ప్రాణం మీదికి వచ్చినవాళ్లు మాత్రమే. ఒక పూట కూలీ పోతుందని ఆసుపత్రి మెట్లెక్కని మనిషి ఆ రిజిస్టరులో ఎలా ఉంటాడు?

ఆ మనిషిని వెతుక్కుంటూ ఊళ్లోకి వెళ్తే లెక్క మారుతుంది. అదే 2005లో మన రాష్ట్రంలోని మూడు గ్రామాల పత్తి సాగుదార్ల మీద ఇంకో అధ్యయనం అచ్చయింది. 50 మంది మహిళలు తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు కొట్టిన రోజుల్లో ఏమేం జరిగిందో తామే నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు. వాటిలో 83 శాతానికి పైగా సందర్భాల్లో కొద్దిపాటి నుంచి తీవ్రమైన విష లక్షణాల వరకు కనిపించాయి. మందు కలపటం, పంపులు నింపటం 'చిన్న పనులు' అనుకుంటాం. ఆ పనులు చేసే ఆడవాళ్లకు కూడా మగవాళ్లంత ప్రమాదం ఉందని తేలింది. చిక్కటి మందును తాకేది వాళ్లే మరి. పెద్ద రైతుల కన్నా పేద సన్నకారు వాళ్లకే తీవ్రమైన విషం ఎక్కువసార్లు సోకింది. ఇంకా కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి దళిత, బహుజన ఆడపిల్లల్ని పెట్టిన చరిత్ర ఉంది. మందు కొట్టిన చెట్ల మధ్యే ఆ పిల్లలు పొద్దంతా పువ్వు పువ్వునూ ముట్టుకుంటూ నిలబడ్డారు.

కంపెనీలు, అధికారులు చెప్పే జవాబు ఒకటుంది - 'జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదు'. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో మందు కొట్టిన 20 మందికి పైగా కూలీలు, రైతులు చనిపోయి, వందల మంది ఆసుపత్రుల పాలైనప్పుడు కూడా, వాళ్లు రక్షణ దుస్తులు వేసుకోలేదన్న మాటే వినిపించింది. అంటే తప్పు చచ్చినవాడిదే! మన తాతలకు చదువు నిషేధించినవాళ్లే ఇప్పుడు మనం లేబుల్ చదవలేదని తప్పు పడుతున్నారు. నిజానికి ఈ వాదన 1985లోనే వీగిపోయింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ ఏడాది ఆమోదించిన నియమావళి ఏం చెప్పింది? వేసుకోవడానికి ఇబ్బందిగా, కొనడానికి ఖరీదుగా ఉండే రక్షణ సామగ్రి అవసరమయ్యే మందుల్ని వేడి దేశాల్లో చిన్న వాడకందార్ల విషయంలో మానుకోవాలని చెప్పింది. అంటే మనిషిని మందుకు తగ్గట్టు మార్చటం కాదు, మందునే మార్చాలి.

నిషేధాల చరిత్ర ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. అమెరికాలో మోనోక్రోటోఫాస్ రిజిస్ట్రేషన్ 1988లోనే రద్దయింది. గాజుశాలల్లో పూలమొక్కలకు పొగగా పెట్టే సల్ఫోటెప్ అనే ఆర్గనోఫాస్ఫేట్‌ను కూడా అక్కడ 2000 తర్వాత కొన్నేళ్లలో ఆపేశారు. ఆ పూలను ఎవరూ తినరు. అక్కడ పరిశీలనకు వచ్చింది పొగ పెట్టే పనివాడి ఊపిరే. ఇక్కడ 2005లో మన ప్రభుత్వం మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదంది. పత్తి మీద వాడుకోవచ్చంది. కూరగాయ కొనుక్కునేవాళ్ల కడుపులోకి పోతుంది, పత్తి పోదు. పత్తిలో విషం చేరేది కొట్టినవాడి చర్మంలోకి. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో ఉన్నది మోనోక్రోటోఫాస్. అప్పుడూ పూర్తి నిషేధం రాలేదు. కేరళ చావులకు కారణమైన పారాథియాన్‌కు తోబుట్టువైన మిథైల్ పారాథియాన్‌ను నిషేధించింది 2018లో, అంటే సరిగ్గా 60 ఏళ్లకు. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం మీద నిషేధ ఉత్తర్వు 2023 సెప్టెంబరులో వచ్చింది. ఆ చట్టం కింద రాష్ట్రాలకున్న అధికారం అమ్మకాన్ని 60 రోజులు, పొడిగిస్తే మరో 30 రోజులు ఆపటం వరకే. పత్తి పంట కాలం అంతకన్నా పొడుగు.

ఒక మందు పోతే దాని చోటికి ఇంకోటి వస్తుంది. పేరు మారుతుంది, పంపు మోసే వీపు మారదు. కాబట్టి నిషేధాలతో పాటు మనం అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. కూలీకి పెట్టి మందు కొట్టించిన చోట 38వ సెక్షన్ మినహాయింపు ఉండకూడదు. చట్టంలోని 26వ సెక్షన్ కింద, విషం సోకిన ప్రతి సంఘటననూ నివేదించాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఆదేశించొచ్చు. ఆ లెక్కలో తాగినవాళ్లతో పాటు కొట్టినవాళ్ల పేరూ చేరాలి. 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలులో, వ్యవసాయంలో పురుగు మందు చల్లే పనివాళ్లను తర్వాతి కాలంలో చేర్చారు. ఆ సంగతి మన పేటల్లో ఎంతమందికి తెలిసింది? సంఘాలు ఎన్ని కేసులు వేశాయి? దీనికి జవాబు మనమే చెప్పుకోవాలి.

చివరగా కార్యకర్తలకు, విద్యార్థులకు, టీచర్లకు ఒక మాట. మీ ఊళ్లో ఎవరైనా మందు కొట్టి పడిపోతే ఆ రోజే రాసి పెట్టండి. ఏ మందు, ఎవరు కలిపారు, ఎవరు కొట్టారు, ఎవరి చేను, ఎంత కూలీ, డాక్టరు చీటీలో ఏం రాశాడు - ఇవన్నీ రాయండి. ఖాళీ డబ్బా మీది లేబుల్ నంబరు కూడా రాయండి. డబ్బాను ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. 1958లో చనిపోయినవాళ్లకు విచారణ కమిషన్ దొరికింది. మన చేలల్లో పడిపోయినవాళ్లకు కనీసం ఒక నోటు పుస్తకమైనా దొరకాలి. పరిహారం అడగాలన్నా, చట్టం మార్చమనాలన్నా ముందు చేతిలో ఉండాల్సింది అదే.