సాత్తూరు పాళీ, రాజమండ్రి కలం, మన కొయ్య



పోయిన నెల మన సంఘం కూటంలో ఒక చిన్న వాదన జరిగింది. ప్లస్ టూ పాసైన మన పిల్లలకు ఏటా ఇచ్చే పెన్నులను ఈసారి అంగట్లో కొనకుండా మనమే చేయిద్దామని కొందరం అన్నాం. తిరుత్తంగల్‌లో మనవాళ్ల ఇంట్లోనే చిన్న లేత్ ఉంది. పెన్ను కిట్లు తెప్పించుకుని, పైభాగం కొయ్యతో తిరగేసి, బిగించి ఇవ్వాలని మా ఆలోచన. వెనక వరుసలో కూర్చున్న పెద్ద మామ ఒకరు లేచి అడ్డం చెప్పారు: "లోపల ఉన్న ఇత్తడి గొట్టం ఎక్కడిదో, రీఫిల్ ఎక్కడిదో, క్లిప్ ఎక్కడిదో. పైన కొయ్య తొడిగి మనది అంటే ఎట్లారా?"

అందరూ నవ్వారు గానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఎందుకంటే దాదాపు తొంభై ఏళ్ల కిందట ఇదే ప్రశ్న ఒక తెలుగువాడికి ఎదురైంది. అడిగింది గాంధీజీ.

రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నంగారి పేరు వినని పాతతరం వాళ్లు ఉండరు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఆయన గాంధీజీని కలిశారనీ, గుండుసూది నుంచి కలం దాకా ఏదో ఒకటి జనానికి పనికొచ్చేది ఇక్కడే చెయ్యమని గాంధీజీ చెప్పారనీ చెప్పుకుంటారు. 1932లో రత్నం పెన్నుల పని మొదలైంది. మొదట చేసిన కలాన్ని గాంధీజీకి పంపితే, అందులో పరాయి దేశపు భాగాలున్నాయని ఆయన ఒప్పుకోలేదట. ఒళ్లంతా ఇక్కడ తిరగేసినా, పాళీ పరాయిదైతే కలం పరాయిదే అన్నమాట. రత్నంగారు అలిగి మానుకోలేదు. మళ్లీ చేశారు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం తరఫున జె.సి. కుమారప్ప ద్వారా ఆ కలం గాంధీజీకి చేరింది. కుమారప్పగారు తంజావూరు మనిషి, అంటే మన తమిళనాటివారే. 1935 జూలై 16న వార్ధా నుంచి గాంధీజీ జాబు రాశారు. కలం వాడి చూశాననీ, బజారులో దొరికే విదేశీ కలాలకు బదులుగా బాగానే పనికొస్తుందనీ దాని సారాంశం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రాజమండ్రి కలం ఒళ్లు కొయ్యది కాదు, ఎబొనైట్‌ది. రబ్బరులో గంధకం ఎక్కువగా కలిపి ఉడికిస్తే గట్టిపడి, కొమ్ములాగా నునుపు తేలే పదార్థం అది. దాన్ని కడ్డీలుగా తెచ్చి, లేత్ మీద చేత్తో తిరగేసి, మరలు కోసి, మెరుగు పెడతారు. కొయ్య ఎందుకు కాదంటే, కొయ్య సిరా తాగుతుంది, తడికి ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. ఎబొనైట్‌కు ఆ బాధ లేదు.

అయితే తిరగేసి చేయలేనిది ఒకటుంది, పాళీ. దానికి రేకు కావాలి, అచ్చు కావాలి, ప్రెస్ కావాలి. అక్కడే మన పక్క ఊరి కథ మొదలవుతుంది.

సాత్తూరు అంటే ఇప్పుడు అందరికీ కారసేవు, వైప్పారు ఒడ్డు దోసకాయలు గుర్తొస్తాయి. మన ముందు తరానికి గుర్తొచ్చేది పాళీలు. ఆ ఊళ్లో చిన్న చిన్న పట్టడల్లో స్టీలు పాళీలు చేసేవాళ్లు. రేకు నుంచి పాళీ ఆకారం కొట్టడం, నడుమ సన్న రంధ్రం పొడవడం, వంపు తేవడం, ముక్కు చీల్చడం, మొన అరగదీయడం, ఆఖరున మెరుగు. గోరంత వస్తువు ఇన్ని చేతులు మారేది. చీలిక వెంట్రుకవాసి పక్కకు పోతే పాళీ గీరుతుంది, మరీ బిగిస్తే సిరా దిగదు. అక్కడి పాళీలు దేశమంతా పోయాయి. బడిపిల్లల చొక్కా జేబుల్లో నీలం మరకలు పడిన రోజుల్లో, ఆ మరక వెనక మన జిల్లా చేతులుండేవి.

1938లో హంగేరీవాడు లాస్లో బీరో బాల్ పెన్నుకు పేటెంటు తీసుకున్నప్పుడు, దాని దెబ్బ సాత్తూరు సందుల్లో తగులుతుందని ఎవరనుకుంటారు? ఆ దెబ్బ మెల్లగా వచ్చింది. ముందు బాల్ పెన్ను, తర్వాత జెల్ పెన్ను. పట్టడలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని తెలిసినవాళ్లు వేరే పనులు వెతుక్కున్నారు. శివకాశి అగ్గిపెట్టెల గురించీ, అచ్చాఫీసుల గురించీ అందరూ రాస్తారు. పాళీ కొట్టినవాళ్ల గురించి మనమైనా ఒక మాట రాయాలి.

ఇక మన లేత్ దగ్గరికి వద్దాం. కిట్‌లో రెండు ఇత్తడి గొట్టాలు, మొన, క్లిప్, నడుమ పట్టీ, తిప్పే మర ఉంటాయి. కొయ్య ముక్కకు గొట్టం పట్టేంత బెజ్జం వేసి, గొట్టాన్ని జిగురుతో అతికించి, అంచులు చదును చేసి, తిరగేసి బిగించాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. మేము నడుమ ఇత్తడి పట్టీ తీసేసి, దాని బదులు నల్ల తుమ్మ చేవతో ఉంగరం తిరగేశాం. మొదటి రెండూ పగిలాయి. తప్పు మాదే. ఆరని కొయ్య వాడాం, ఉంగరం గోడ మరీ పలచన చేశాం. ఇత్తడి కదలదు, కొయ్య కదులుతుంది. మూడోసారి నీడన ఆరబెట్టిన ముక్క తీసుకుని, గోడ కొంచెం మందంగా ఉంచాం. నిలిచింది.

తర్వాత ఇంకో ఆశ పుట్టింది. మనవాళ్ల ఇంట్లో పాత డబ్బాలో కొన్ని సాత్తూరు పాళీలు దొరికాయి. సిరా పెన్ను కిట్ తెప్పించి పెట్టి చూస్తే కూర్చోలేదు. పాళీ కింద సిరా నడిపే నల్ల నాలుక వంపు వేరు, పాళీ వంపు వేరు. కొయ్యతో పట్టు భాగం చేద్దామంటే సిరా తాగుతుంది. చివరికి రాజమండ్రి పెద్దలు చూపిన దారే దిక్కయింది. పట్టు భాగాన్ని ఎబొనైట్‌తో, పాళీ కొలతకు సరిపోయేలా తిరగేయించాం. పైన మన తుమ్మ, నడుమ ఎబొనైట్, మొనన సాత్తూరు. సిరా పోసి గీస్తే, ముందు గీరింది, తర్వాత నడిచింది. ఆ క్షణాన లేత్ చుట్టూ నిలబడ్డవాళ్లెవరూ మాట్లాడలేదు.

తిరగేసే పని మన భాషకు కొత్త కాదు. లేత్‌కు తరిమెన అనే మాట ఉండనే ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తిరగేసి లక్క పూసి బొమ్మలు చేస్తారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అంకుడు చెట్టునే ఇక్కడ వెట్పాలై అంటారు. చెట్టు ఒకటే, పేరు రెండు, మనలాగే.

మరి పెద్ద మామ ప్రశ్నకు జవాబేమిటి? ఆయన అన్నది నిజమే. కిట్ మనది కాదు, దాన్ని మనదని చెప్పుకోకూడదు. రత్నంగారు కూడా పరాయి భాగం ఉందని తేలాక, లేదని బుకాయించలేదు, మార్చుకున్నారు. అందుకే ఈ ఏడు ఇచ్చే ప్రతి పెన్నుతో ఒక చిన్న చీటీ పెడతాం. కొయ్య ఏ చెట్టుది, తిరగేసింది ఎవరు, కొన్న భాగాలేవి అన్నీ అందులో ఉంటాయి. ఏటా కొన్న భాగాల్లో ఒక్కటైనా తగ్గించాలని కూటంలో తీర్మానించుకున్నాం. చీటీ చదివి ముందుగా తలూపింది పెద్ద మామే.

ఒక మనవి. కోవిల్పట్టి పక్క ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు పెద్దల నోటి మాటలు చెవినబెట్టి విన్నారు కాబట్టే మన వలస కథ తమిళంలోనైనా పుస్తకాలకెక్కింది. పాళీల కథ కూడా అలాగే పెద్దల నోట ఉంది. సాత్తూరు పట్టడల్లో పనిచేసిన తాతలు, మామలు, అత్తలు మీ ఇళ్లలో ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. అచ్చులు, పాత పాళీలు కనబడితే పాత ఇనుము కింద అమ్మెయ్యకండి. మాకు ఒక మాట చెప్పండి, మేమే వస్తాం.